పుట్టి (పడవ)

ఈ వ్యాసం గుండ్రని వెదురు పడవ గురించి. ఇదే పేరు గల ధాన్యపు కొలత కొరకు పుట్టి (కొలత) చూడండి.

పుట్టి అనగా వెదురు బద్దలతో గుండ్రని గంప వలె అల్లి, నీరు చొరకుండా వెలుపలి వైపు తోలు గాని, తారు పూసిన పట్ట గాని కప్పిన చిన్న పడవ. దీనికి అరిగోలు, హరిగోలు అనే పేర్లు కూడా కలవు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల తీరాలలోను, ఆ నదులపై కట్టిన జలాశయాలలోను చేపల వేటకు, ఏరు దాటడానికి దీనిని ఉపయోగిస్తారు. పుట్టికి తెరచాప లేదు, చుక్కాని లేదు, ముందు వెనుకలు కూడా లేవు. కర్రపడవ వలె తరతరాలు నిలిచేది కాదు. ఏటా కొంత పాడవుతుంది, ఏటా దానిని నడిపేవారే బాగుచేసుకుంటారు. అందుచేత పుట్టి విషయంలో మరమ్మతు అనేది అప్పుడప్పుడు వచ్చే పని కాక, దాని వాడుకలో ఒక భాగంగా ఉంటుంది. ఆ పని ఎంత శ్రద్ధగా జరిగిందన్న దానిమీదనే అందులో కూర్చున్నవారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఈ వ్యాసంలో పూర్వపు కర్నూలు, కడప జిల్లాల నేపథ్యంలో పుట్టి తయారీ, మరమ్మతుల వివరాలు ఇవ్వబడినవి.

పేరు

తెలుగులో "పుట్టి" అనే మాటకు రెండు ప్రసిద్ధ అర్థాలు ఉన్నాయి. ఇరవై తూముల ధాన్యపు కొలత ఒకటి, గుండ్రని గంప పడవ రెండవది. "పుట్టెడు వడ్లు", "పుట్టెడు దుఃఖం" అనే ప్రయోగాలు కొలతకు సంబంధించినవి. "ఇప్పుడేం పుట్టి మునిగిందని?" అనే జాతీయం పడవకు సంబంధించినది. కోలుకోలేని నష్టం జరిగిందనే అర్థంలో ఈ మాటను నదికి చాలా దూరంగా ఉండే ఊళ్ళలో కూడా వాడతారు. కన్నడంలో ఈ పడవను హరిగోలు అనీ, తమిళంలో పరిసల్ అనీ పిలుస్తారు.

చరిత్ర

శ్రీకృష్ణదేవరాయల కాలంలో, సుమారు 1520 ప్రాంతంలో, విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్రను దాటించే గుండ్రని పడవలను వర్ణించాడు. అవి లోపల బద్దలతో అల్లి, పైన తోలు కప్పినవనీ, ఒక్కొక్కటి పదిహేను ఇరవై మందిని మోయగలవనీ, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటించగలవనీ, నేరుగా పోక తిరుగుతూ పోతాయనీ ఆయన వ్రాశాడు. ఇప్పటి పుట్టిని చూసినవారికి ఈ వర్ణన సుపరిచితంగానే తోస్తుంది. ఐదు వందల ఏళ్ళలో ముఖ్యంగా మారినది పైకప్పు మాత్రమే.

1803లో మరాఠాలపై దండయాత్ర సందర్భంగా ఆర్థర్ వెల్లస్లీ (తరువాత వెల్లింగ్టన్ డ్యూక్) సైన్యం నదులు దాటడానికి ఇటువంటి గంప పడవలనే సిద్ధం చేయించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ దక్షిణ భారతదేశపు పుట్టులపై 1933లో ఒక వ్యాసం ప్రచురించాడు. ప్రపంచంలోని సంప్రదాయ జలవాహనాలను గురించి 1946లో వెలువడిన ఆయన గ్రంథంలో కూడా ఈ పడవల ప్రస్తావన ఉంది.

కర్నూలు, కడప ప్రాంతంలో పెద్ద కర్రపడవలు నడిపే ప్రయత్నం కూడా ఒకప్పుడు జరిగింది. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వకం ప్రారంభించిన కర్నూలు-కడప కాలువ (కె.సి. కాలువ) సాగునీటితో పాటు పడవ ప్రయాణానికి కూడా ఉద్దేశించినదే. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి కడప వరకు సుమారు 306 కిలోమీటర్ల పొడవున సాగే ఈ కాలువపై పడవలు ఎత్తుపల్లాలు దాటడానికి లాకులు కట్టారు. 1882లో ప్రభుత్వం దీనిని స్వాధీనం చేసుకున్నది. తరువాతి కాలంలో ఇది కేవలం సాగునీటి కాలువగా మిగిలిపోయింది. పెద్ద పడవల రవాణా ఆగిపోయినా నదిలో పుట్టి మాత్రం నిలిచింది.

రాయలసీమలో పుట్టి

ఏటా సగటున 600 నుండి 700 మిల్లీమీటర్ల ప్రాంతంలో మాత్రమే వాన కురిసే ఈ సీమలో పడవ ఉండడం కొత్తవారికి వింతగా తోచవచ్చు. నిజానికి పుట్టి ఇటువంటి నేలకు తగినట్లుగా రూపొందిన వాహనం. ఇక్కడి నదులు వానాకాలంలో పొంగి, వేసవిలో మడుగులుగా మిగులుతాయి. వాటి అడుగున బండలు ఎక్కువ. లోతుగా మునిగే పడవ ఇక్కడ రాతికి తగిలి నిలిచిపోతుంది. పుట్టి అడుగు చదునుగా ఉండడం వలన జానెడు లోతు నీటిలో కూడా తేలుతుంది. రాయి తగిలితే వెదురు అల్లిక కొంత వంగి సర్దుకుంటుంది. నీరు లేని చోట ఒకరిద్దరు దానిని బోర్లించి, నెత్తిమీద లేదా వీపుమీద మోసుకొని పోగలరు. పడవకు పనికివచ్చే పెద్ద మ్రాను దొరకడం కష్టమైన ప్రాంతంలో నల్లమల వెదురు అందుబాటులో ఉండడం మరొక కారణం.

కర్నూలు జిల్లాలో మంత్రాలయం పరిసరాల తుంగభద్రా తీరం, నేటి నంద్యాల జిల్లాలోని శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు, వెలుగోడు, అవుకు జలాశయాలు, కడప జిల్లాలో గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్ జలాశయాలు ఈ ప్రాంతంలోని ముఖ్యమైన నీటి వనరులు. చేపల వేట వృత్తిగా గల బెస్తలు, ఇతర మత్స్యకారులు వీటిమీద జీవిస్తున్నారు. సాయంత్రం పుట్టిలో వెళ్ళి వల కట్టి, తెల్లవారుజామున తిరిగి వెళ్ళి వల తీయడం సాధారణ పద్ధతి. నంద్యాల జిల్లా ఏర్పడక ముందు (2022 వరకు) శ్రీశైలం, సంగమేశ్వరం, వెలుగోడు, అవుకు ప్రాంతాలన్నీ కర్నూలు జిల్లాలోనే ఉండేవి.

శ్రీశైలం ఆనకట్ట నిర్మాణం పుట్టి చరిత్రలో ఒక మలుపు. 1981 నుండి జలాశయం నిండడంతో కృష్ణా తీరపు అనేక గ్రామాలు, సంగమేశ్వరాలయం వంటి ప్రాచీన దేవాలయాలు నీట మునిగాయి. పూర్తి నీటిమట్టం 885 అడుగులు (సుమారు 269.7 మీటర్లు) ఉన్నప్పుడు నీరు దాదాపు 615 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉంటుంది. అంతకు పూర్వం పుట్టి దాటవలసినది ఒక నది పాయ. దరి కంటి ఎదుటే ఉండేది. ఇప్పుడు అదే పుట్టి విశాలమైన జలాశయంలో, గాలికి అలలు లేచే చోట తిరగవలసి వచ్చింది. చిన్న చిల్లు పడితే నది పాయలో దరి చేరే వ్యవధి ఉండేది, జలాశయం నడుమ ఆ వ్యవధి ఉండదు. అందువలన పాత కాలంలో సరిపోయిన మరమ్మతు ఇప్పుడు సరిపోదని గుర్తించాలి.

నిర్మాణం

ఇద్దరు మనుషులు వేటకు వాడే పుట్టి సాధారణంగా అంచు వద్ద 6 నుండి 8 అడుగుల వ్యాసం, రెండు నుండి రెండున్నర అడుగుల లోతు కలిగి ఉంటుంది. మనుషులను దాటించే పుట్టులు ఇంతకంటే పెద్దవి. కొన్ని చోట్ల వెదురు పని వృత్తిగా గల మేదరులు వీటిని అల్లుతారు. చాలాచోట్ల మత్స్యకారులే స్వయంగా అల్లుకుంటారు.

వెదురు ఎంపిక: మూడు నాలుగేళ్ళు ముదిరిన వెదురు శ్రేష్ఠం. లేత వెదురు ఎండితే ముడుచుకుపోతుంది, త్వరగా పురుగు పడుతుంది. వానాకాలం గడచిన తరువాత నరికిన వెదురులో పిండిపదార్థం తక్కువగా ఉండడం వలన పురుగు బాధ తక్కువ. నరికిన వెదురును కొన్నాళ్ళు నీటిలో నానబెడితే మిగిలిన పిండిపదార్థం కూడా కొంతవరకు కరిగిపోతుంది.

బద్దలు చీల్చడం: బొంగును నిలువుగా చీల్చి, కణుపుల వద్ద చదును చేసి, బద్దలుగా తయారు చేస్తారు. అడుగు భాగానికి వెడల్పైన గట్టి బద్దలు, ప్రక్కల అల్లికకు పలుచని దబ్బలు వాడతారు. వంచే ముందు వాటిని నీటిలో తడపడం తప్పనిసరి. పొడి బద్ద వంచగానే పెళుసుగా విరుగుతుంది.

అడుగు అల్లిక: చదునైన నేలమీద బద్దలను జతలు జతలుగా పరచి, ఒకదానిపై ఒకటి అడ్డదిడ్డంగా పోయేటట్లు అల్లుతారు. నడుమ భాగంలో అల్లిక దట్టంగా ఉంటుంది. అల్లిక కదలకుండా మధ్యలో బరువైన రాళ్ళు పెడతారు. ఆ బరువు మీదనే చుట్టూ ఉన్న బద్దల కొసలను పైకి వంచి ప్రక్కగోడగా లేపుతారు.

అంచు: పైకి లేచిన బద్దల కొసలను మడచి, వాటిచుట్టూ అనేక దబ్బలను పేనినట్లుగా చుట్టి లావుపాటి అంచు కడతారు. పుట్టి గుండ్రని ఆకారాన్ని నిలిపేది ఈ అంచే. ఇది సడలితే గోడ బయటికి విచ్చుకొని పుట్టి ఆకారం చెడుతుంది.

పైకప్పు: పూర్వం ఎద్దు, గేదె తోళ్ళను కుట్టి కప్పేవారు. తోలు ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్ళుతుంది కనుక ప్రతి ప్రయాణం తరువాత పుట్టిని బోర్లించి ఆరబెట్టవలసి వచ్చేది. తరువాత గోనెపట్ట, టార్పాలిన్ వచ్చాయి. ఇటీవలి దశాబ్దాలలో ఎరువుల ప్లాస్టిక్ సంచులను విప్పి, దబ్బనంతో, పురికొసతో గాని నైలాన్ దారంతో గాని ఒకటిగా కుట్టి, అల్లికకు బిగించి, దానిపై కరిగించిన తారు పూయడం సర్వసాధారణమైంది.

పుట్టిని నడపడానికి తెడ్డు, లోతు తక్కువ ఉన్నచోట గడ ఉపయోగిస్తారు. ఒక ప్రక్కనే తెడ్డు వేస్తే పుట్టి ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. నేర్పరి అయినవాడు పోదలచిన దిక్కుకు ఎదురుగా కూర్చొని, తన ముందున్న నీటిని తనవైపు లాక్కుంటూ, కుడి ఎడమలుగా మార్చి మార్చి తెడ్డు వేస్తాడు.

తేలే సూత్రం, బరువు లెక్క

ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువు గల నీటిని తొలగిస్తుంది. దీనిని పుట్టికి అన్వయించి చూస్తే మరమ్మతు ప్రాధాన్యం స్పష్టమవుతుంది.

ఉదాహరణకు, అడుగు భాగం 2 మీటర్ల వ్యాసం ఉన్న పుట్టిని తీసుకుందాం. అడుగు వైశాల్యం సుమారు 3.14 చదరపు మీటర్లు. గోడల వాలును లెక్కలోకి తీసుకోకపోతే, పుట్టి ప్రతి 10 సెంటీమీటర్లు మునిగినప్పుడు సుమారు 314 లీటర్ల నీటిని తొలగిస్తుంది, అనగా 314 కిలోల బరువును మోస్తుంది. పుట్టి సొంత బరువు 50 కిలోలు, ఇద్దరు మనుషులు 120 కిలోలు, వలలు చేపలు 40 కిలోలు అనుకుంటే మొత్తం 210 కిలోలు. అప్పుడు పుట్టి సుమారు 7 సెంటీమీటర్లు మాత్రమే మునుగుతుంది. గోడ ఎత్తు 60 సెంటీమీటర్లు ఉంటే ఇది నిశ్చింతగా తేలుతుంది.

ఇప్పుడు అదే పుట్టిలోకి చిల్లు ద్వారా నీరు చేరి 5 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిందనుకుందాం. ఆ నీటి బరువు సుమారు 157 కిలోలు, అంటే ఇద్దరికి పైగా అదనపు మనుషులతో సమానం. అయితే మనిషి కూర్చున్నచోట కూర్చుంటాడు, నీరు అలా కాదు. పుట్టి ఏ ప్రక్కకు ఒరిగితే నీరంతా ఆ ప్రక్కకే పరుగెత్తి ఒరుగును మరింత పెంచుతుంది. మడమ తడిసేపాటి నీరు కూడా పుట్టిని బోల్తా కొట్టించగలదని చెప్పడానికి కారణం ఇదే.

పుట్టి పాడయ్యే విధం

రాయలసీమ పరిస్థితులలో పుట్టి దెబ్బతినడానికి ముఖ్యమైన కారణాలు ఇవి:

* ఈడ్వడం: వేసవిలో జలాశయపు మట్టం తగ్గేకొద్దీ దరి దూరం జరుగుతుంది. నీటి అంచు వరకు పుట్టిని రాళ్ళమీద ఈడ్చుకొని పోవడం వలన అడుగున తారు గీసుకుపోయి, పట్ట చిరుగుతుంది. నీటిమీద తిరగడం కంటే నేలమీద ఈడ్వడం వలననే పుట్టికి ఎక్కువ హాని.
* ఎండ: సాధారణ రోడ్డు తారు 50 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మెత్తబడుతుంది. వేసవి ఎండలో ఉంచిన నల్లని వస్తువు పైభాగం అంతకు మించి వేడెక్కుతుంది. అప్పుడు తారు జారి, గోడల మీద పలుచబడి, అంచు దగ్గర పట్ట బయటపడుతుంది. ఎండకు ప్లాస్టిక్ సంచి కూడా పెళుసుబారి పొడిపొడి అవుతుంది.
* మునిగిన మొద్దులు, రాళ్ళు: జలాశయంలో మునిగిన చెట్ల మోడులు, పాత గోడలు నీటిమట్టం తగ్గినప్పుడు పైపైకి వచ్చి అడుగుకు తగులుతాయి.
* కుళ్ళు, పురుగు: పుట్టి లోపల నిలిచిన నీరు, చేపల జిగురు బద్దలను నానబెడతాయి. బద్దల మీద సన్నని రంధ్రాలు, వాటి క్రింద రాలిన పిండి కనిపిస్తే పురుగు తొలుస్తున్నదని అర్థం.
* అంచు సడలడం: ఎక్కేవారు దిగేవారు అంచుమీద బరువు మోపడం, వల లాగేటప్పుడు ఒకేచోట ఒత్తిడి పడడం దీనికి కారణాలు.

మరమ్మతు

సమయం: నీరు బాగా తగ్గి వేట మందగించే ఎండాకాలం, వరద రాకముందు వచ్చే కొద్ది వారాలు, పెద్ద మరమ్మతుకు అనువైనవి. పట్ట, వెదురు పూర్తిగా ఆరడానికి ఎండ కావాలి. తారు పూసే పని మాత్రం ఉదయం పూట ముగిస్తే అది నెమ్మదిగా గట్టిపడే లోపల సరిచేసుకునే వీలుంటుంది.

చిల్లులు కనిపెట్టడం: పుట్టిని కడిగి, మట్టి, నాచు గీకి, పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత దానిని ఒక ప్రక్కకు ఎత్తి నిలబెట్టి, ఒకరు సూర్యుని వైపు బయట, మరొకరు లోపలి వైపు ఉండి చూడాలి. వెలుతురు చొరబడిన ప్రతిచోట సుద్దతో గుర్తు పెట్టాలి. వెలుతురు చొరని సన్నని చిల్లులు కూడా ఉంటాయి. వాటి కొరకు పుట్టిని లోతు తక్కువ నీటిలో ఖాళీగా కొంతసేపు తేలనిచ్చి, లోపల ఎక్కడ చెమ్మ ఊరుతున్నదో చూడాలి. నీరు చేరిన చోటే చిల్లు ఉన్నదని అనుకోరాదు. నీరు బద్దల వెంట ప్రాకి పల్లానికి చేరుతుంది కనుక చెమ్మ జాడను పైకి వెదకాలి.

విరిగిన బద్దలు: ముందుగా ఎముక, తరువాతనే చర్మం. అల్లిక సరిచేయకుండా పైన పట్ట అతికిస్తే విరిగిన బద్ద మొన కొద్ది రోజులలోనే కొత్త అతుకును కూడా చీలుస్తుంది. విరిగిన బద్దను లాగివేయనవసరం లేదు. దాని మొనలను నున్నగా చెక్కి, తడిపిన కొత్త బద్దను దాని ప్రక్కనే, విరుపుకు ఇరువైపులా కనీసం రెండు మూడు అడ్డబద్దలు దాటేంత పొడవున, అల్లికలో దూర్చాలి. ప్రక్క ప్రక్కనే మూడు నాలుగు బద్దలు విరిగి ఉంటే అక్కడ పట్ట విప్పి ఆ భాగమంతా తిరిగి అల్లడం మేలు.

అంచు: సడలిన కట్టును విప్పి, గోడను లోపలికి నొక్కి పట్టి, తడి దబ్బలతో తిరిగి చుట్టాలి. దబ్బ ఆరినప్పుడు బిగుసుకుంటుంది. నైలాన్ తాడు కూడా వాడతారు. ఇనుప తీగ త్రుప్పు పట్టి తెగుతుంది, తెగిన మొన చేతులను గాయపరుస్తుంది, వలలను చించుతుంది. కనుక తీగ వాడకపోవడం మంచిది.

పట్ట అతుకు: చిరుగు కంటే అన్ని వైపులా నాలుగైదు అంగుళాలు పెద్దదిగా అతుకు కత్తిరించాలి. మూలలు గుండ్రంగా ఉండాలి, కోణంగా ఉన్న మూల త్వరగా లేస్తుంది. చిరుగు చుట్టూ పెచ్చులూడిన పాత తారును గీకివేయాలి. చిరుగును దగ్గరగా కుట్టి, దానిపై తారు పూసి, అతుకు పరచి గట్టిగా నొక్కి, అంచులను కుట్టి, మళ్ళీ పైన తారు పూయాలి. ప్రతి కుట్టు ఒక కొత్త రంధ్రమే కనుక దారం మీద తారు నిండుగా పట్టాలి.

తారు పూత: తారును పుట్టికి దూరంగా, గాలి వాలున లేని చోట, సన్నని మంటమీద కరిగించాలి. ఈ పనిలో కొన్ని విషయాలు తప్పక గమనించవలసి ఉంటుంది.

* తారు పాత్రలో గాని, పుల్లకు గాని తడి ఉండరాదు. వేడి తారులో నీటిబొట్టు పడితే ఒక్కసారిగా ఆవిరై, తారు పొంగి చిందుతుంది.
* పాత్రను సగానికి మించి నింపరాదు.
* తారు ధారగా జారితే చాలు. పొగలు వచ్చేంత మరిగిస్తే అది ప్లాస్టిక్ సంచిని కరిగించివేస్తుంది. ముందుగా ఒక పాత సంచి ముక్కమీద పూసి చూడాలి.
* తారు పలుచన చేయడానికి కిరోసిన్ కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. మంట ప్రక్కన ఈ పని అత్యంత ప్రమాదకరం.
* చర్మంమీద వేడి తారు పడితే దానిని పీకరాదు. వెంటనే చల్లని నీటి ధార క్రింద ఉంచి, వైద్యుని వద్దకు వెళ్ళాలి.
* చేతులకు, కాళ్ళకు దళసరి గుడ్డ లేదా తోలు తొడుగులు ఉండాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

పూత ఒకేసారి దళసరిగా వేయడం కంటే రెండు పలుచని పూతలు వేయడం మంచిది. దళసరి పూత ఎండకు జారుతుంది, చలికి పగులుతుంది. అడుగు భాగానికి, అడుగు గోడతో కలిసే వంపునకు అదనపు పూత అవసరం. రాపిడి అంతా అక్కడనే పడుతుంది. ఆరిన పూతమీద పొడి ఇసుక లేదా సన్నని మట్టి చల్లితే జిడ్డు తగ్గి, పుట్టులు ఒకదానికొకటి అంటుకోకుండా ఉంటాయి.

నీటి పరీక్ష: మరమ్మతు ముగిసిన పుట్టిని మనుషులను ఎక్కించక ముందు, మోకాటి లోతు నీటిలో, అది మామూలుగా మోసే బరువుకు సమానమైన ఇసుక బస్తాలతో కనీసం ఒక పూట ఉంచి చూడాలి. ఖాళీ పుట్టిలో నీటిపైన ఉండే చిల్లు బరువు పెట్టినప్పుడు నీటిలోకి దిగుతుంది. ఖాళీగా తేల్చి చూసి సరిపెట్టుకోవడం ఈ కారణంగా చాలదు. పరీక్ష తరువాత గంగమ్మకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీటిలోకి దింపడం మత్స్యకారుల ఆచారం.

నిల్వ: వాడనప్పుడు పుట్టిని బోర్లించి, నేలకు తగలకుండా రెండు మూడు రాళ్ళమీద, చెట్టు నీడన ఉంచాలి. నేలకు ఆనించి ఉంచితే చెదలు పడతాయి.

మరమ్మతుకు అందని స్థితి: అడుగు బద్దలను వేలితో నొక్కినప్పుడు మెత్తగా దిగిపోవడం, పుట్టిని ఎత్తినప్పుడు అడుగు క్రిందికి జారడం, అంచును ఎన్నిసార్లు బిగించినా గుండ్రని ఆకారం నిలవకపోవడం దీని గుర్తులు. అప్పుడు ఎంత తారు పూసినా ప్రయోజనం లేదు. నిరంతరం వాడే వెదురు పుట్టి ఒకటి రెండేళ్ళకు మించి రావడం అరుదు.

ప్రమాదాలు, జాగ్రత్తలు

పుట్టి, నాటుపడవ ప్రమాదాలకు సాధారణ కారణాలు మూడు: మోతాదుకు మించిన బరువు, గాలివాన, పాతబడిన పడవ. ఇవి విడివిడిగా కంటే కలిసి వచ్చినప్పుడే ప్రాణాంతకమవుతాయి. 2007 జనవరిలో శ్రీశైలం వెనుక జలాలలో మంచాలకట్ట వద్ద పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రయాణికులు మరణించారు. అది పుట్టి కాకపోయినా, జలాశయానికి అటు ఇటు ఉన్న గ్రామాల ప్రజలు వంతెన లేని చోట ఎటువంటి ప్రయాణాలమీద ఆధారపడి ఉన్నారో ఆ దుర్ఘటన చాటిచెప్పింది.

పుట్టిలో ప్రయాణించేవారు పాటించవలసిన జాగ్రత్తలు:

* అందరూ అడుగున, చుట్టూ సమంగా కూర్చోవాలి. ఒక్కరు లేచి నిలబడినా, అందరూ ఒక ప్రక్కకు జరిగినా పుట్టి ఒరుగుతుంది.
* లోపలి నీటిని తోడడానికి డబ్బా తప్పక ఉండాలి. నీరు కనిపించిన వెంటనే తోడాలి.
* లైఫ్ జాకెట్ ధరించాలి. అది లేనప్పుడు గట్టిగా మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలను పుట్టి అంచుకు కట్టడం కొంత మేలు. ఇరవై లీటర్ల ఖాళీ డబ్బా దాదాపు ఇరవై కిలోల బరువును నీటిలో నిలుపుతుంది. అయితే ఇది లైఫ్ జాకెట్‌కు ప్రత్యామ్నాయం కాదు.
* మబ్బు పట్టి గాలి లేచే సూచన ఉన్నప్పుడు, ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడు, చీకటి పడిన తరువాత మనుషులను దాటించరాదు.
* పుట్టి బోల్తాపడితే దానిని వదలి ఈదబోక, పట్టుకొని ఉండడం మేలు. వెదురు పూర్తిగా మునగదు.

దేశీయ జలయాన చట్టం, 2021లో యంత్రం లేని పడవలకు కూడా ప్రత్యేక అధ్యాయం చేర్చబడినది.

ఇతర దేశాలలో

గుండ్రని గంప పడవ దక్షిణ భారతదేశానికి మాత్రమే పరిమితం కాదు. ఇరాక్‌లో టైగ్రిస్ నదిమీద నడిచిన గుఫా అనే గుండ్రని పడవకు సహజంగా దొరికే తారు పూసేవారు. బాబిలోనుకు సరుకు తెచ్చే గుండ్రని తోలు పడవలను గురించి గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ వ్రాశాడు. ఆ వర్తకులు సరుకుతో పాటు పడవ చట్రాన్ని కూడా అమ్మివేసి, తోళ్ళను మాత్రం గాడిదమీద వేసుకొని తిరిగి వెళ్ళేవారట. అక్కడ తోలు విలువైనది, చట్రం కాదు. రాయలసీమలో ఇందుకు విరుద్ధం. పాత సంచుల పట్టకు విలువ లేదు, అల్లికకే విలువ. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో కోరకిల్ అనే చిన్న పడవ ఉన్నది. వియత్నాం తీరంలో థుంగ్ చాయ్ అనే వెదురు గంప పడవకు పేడను, చెట్టు జిగురును పూత పూస్తారు. మన దేశంలో కర్ణాటకలోని హంపి, తమిళనాడులోని హోగెనక్కల్ పుట్టి విహారానికి ప్రసిద్ధి చెందినవి.

ప్రస్తుత స్థితి

ఫైబరు పుట్టులు, ఫైబరు పడవలు వచ్చిన తరువాత వెదురు పుట్టుల వాడకం తగ్గుతున్నది. ఫైబరు పుట్టి ఎక్కువ కాలం నిలుస్తుంది, ఏటా తారు పూయనవసరం లేదు. అయితే దాని వెల ఎక్కువ. పగిలినప్పుడు రెజిన్, గాజునార కావాలి, ఆ పని తెలిసినవారు కావాలి. వెదురు పుట్టికి కావలసిన బద్ద, సంచి, తారు ఊళ్ళోనే దొరుకుతాయి, పని తెలిసినవాడు దానిని నడిపేవాడే. మరొక ప్రక్క వంతెనలు వచ్చేకొద్దీ దాటింపు పుట్టులకు పని తగ్గుతుంది. సంగమేశ్వరం పరిసరాలలో కృష్ణపై సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెనకు కేంద్ర ప్రభుత్వం 2022లో ఆమోదం తెలిపింది. (ఈ సోమశిల తెలంగాణలోని నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. నెల్లూరు జిల్లాలో పెన్నపై ఉన్న సోమశిల జలాశయం వేరు.)

ఏరు దాటించే సాధనంగా పుట్టి కనుమరుగు కావడం ప్రయాణికుల భద్రత దృష్ట్యా హర్షించదగినదే. వేట సాధనంగా మాత్రం అది ఇంకా కొంతకాలం నిలుస్తుంది. అది నిలిచినంత కాలం అల్లిక తెలిసిన చేతులు, చిల్లు వెదకే కళ్ళు కూడా అవసరమవుతాయి. ఈ విద్యకు పాఠశాలలు లేవు, పెద్దల ప్రక్కన కూర్చొని చేస్తూ నేర్చుకోవలసినదే. కనుక ఇటువంటి వృత్తి విద్యల వివరాలు, స్థానిక పదాలు ఆయా వృత్తులవారి నుండి సేకరించి భద్రపరచడం అవసరం.

ఇవి కూడా చూడండి

* తెప్ప
* నాటుపడవ
* తుంగభద్ర నది
* పెన్నా నది
* శ్రీశైలం ప్రాజెక్టు
* కర్నూలు-కడప కాలువ
* సంగమేశ్వరం
* వెదురు
* ఆర్కిమెడిస్ సూత్రం